ఇసుక కింద మడుగు

ఈ వానాకాలం మొదట్లో ఒక పొద్దున మా వీధిలో మోకాలి లోతు నీళ్ళు నిలిచాయి. రంగూన్ మింగళ తౌంగ్‌న్యున్‌లో మేముండేది నాలుగో అంతస్తు. పొద్దుటి టిఫినుకి మొహింగా, చేపల పులుసులో వేసే సేమ్యా, తెచ్చుకుందామని స్టీలు క్యారేజీ పట్టుకుని దిగుతున్నాను. కిందనుంచి మూడో మెట్టు మీద ఏదో నల్లగా మెరిసింది. జెల్ల చేప. జానెడు పొడుగుంటుంది. రెండు పక్కల ముళ్ళూ సిమెంటుకి ఆనించి, ఒళ్ళు వంచి, నాలుగో మెట్టు ఎక్కాలని చూస్తోంది. మీసాలు మెట్టు అంచుని తడుముతున్నాయి. చప్పుడు లేదు.

మొదటి అంతస్తు అమ్మాయి లుంగీ మోకాళ్ళ దాకా ఎగ్గట్టి ఫోన్లో వీడియో తీస్తోంది. మా తెలుగు పిల్లే.

"ఆంటీ, సూడండి. ఙఖూ. గెస్టు నాగ మెట్లెక్కి వొస్తన్నాది," అంది. జెల్లని ఇక్కడ అందరూ బర్మా మాటలో ఙఖూ అనే అంటారు. "పట్టీసి పులుసెట్టీమంటారా?"

"ఒద్దమ్మా. ఒగ్గీ," అన్నాను.

అక్కడినుంచే పైకి వచ్చేశాను. ఖాళీ క్యారేజీ చూసి మా ఆయన కొట్టు తెరవలేదా అని అడిగాడు. తెరిచారన్నాను. కుర్చీలో కూర్చుని చాలాసేపు నా పిక్కలు తడుముకున్నాను. అక్కడ చర్మం మీద సన్నటి గీతలు కొన్ని ఉన్నాయి. నా పిల్లలెప్పుడూ అవేమిటని అడగలేదు, నేనూ చెప్పలేదు.

అప్పుడు నాకు పదేళ్ళుంటాయి. రైలు స్టేషను వెనక మేముండే సందు ఖాళీ చేయమన్నారు. ఎందుకో పిల్లలకి ఎవరూ చెప్పలేదు. పెద్దవాళ్ళు కూడా గట్టిగా అడిగినట్టు గుర్తు లేదు. నాలుగిళ్ళ సామాను ఒక లారీలో వేశారు. సామాను మీద మేం కూర్చున్నాం. నది దాటించి పడమటి వైపు తీసుకుపోయి పొలాల్లో దింపారు. అదే ఇప్పటి లైంగ్‌థార్యార్. అప్పుడక్కడ వెదురు గుంజలు పాతి, తాళ్ళు కట్టి, ఇది మీ జాగా, అది వాళ్ళ జాగా అని గీతలు గీసి ఉన్నాయి. అంతే.

మా నాన్న అప్పటిదాకా స్టేషన్లో మూటలు మోసేవాడు. అక్కడినుంచి స్టేషనుకి రావడానికే సగం రోజు పట్టేది గనక ఆ పని పోయింది. అమ్మ, నేను, ఆరేళ్ళ మా చెల్లి, మా మామ్మ. మామ్మ అంటే నాన్న వాళ్ళమ్మ. ఆవిడ తండ్రి రంగూన్ రేవులో బియ్యం బస్తాలు మొయ్యడానికి విశాఖపట్నంలో ఓడెక్కి వచ్చినవాడు. ఆ ఊరు మామ్మ చూడలేదు. కానీ అక్కడి చేపల పేర్లూ ఆకుకూరల పేర్లూ తండ్రి నోట విన్నవన్నీ ఆవిడ నోట ఉండేవి. ఇక్కడ నీళ్ళలో ఏది కనపడినా ముందు తెలుగులో పేరు పెట్టేది, తర్వాతే బర్మా పేరు అడిగేది.

మా ఇల్లు నాలుగు గుంజల మీద నిలబెట్టిన వెదురు పాక. నేల కూడా చీల్చిన వెదురు బద్దలే. సందుల్లోంచి కింద నీళ్ళు కనిపించేవి. పైన నీటి తాటాకు కప్పు. కొత్త ఆకు ఎండినప్పుడు ఒక తియ్యటి వాసన వేస్తుంది, కొంచెం పాత బెల్లం లాగా. దాంట్లో కలిసిపోయి పక్కింటి ఙపి, అంటే పులియబెట్టిన చేపల ముద్ద, దాని వాసన, బురద వాసన, మా అమ్మ ఆరేసిన గోంగూర వాసన. గోంగూర మాత్రం బర్మా వాళ్ళకీ మాకూ ఉమ్మడి. వాళ్ళు చిన్‌బౌంగ్ అనేవాళ్ళు. రెండిళ్ళలోనూ ఒకే రోజు పొయ్యెక్కేది.

పాక వెనక మడుగు.

అవతలి గట్టు కనిపించనంత పెద్దది. వేసవిలో కూడా ఎండేది కాదు. సగం కలువలు, సగం గుర్రపుడెక్క, మధ్యలో నల్లటి నీళ్ళు. తెల్లారుతుంటే కొంగలు దిగేవి. నత్తల్ని ఒలుచుకు తినే పెద్ద కొంగలు, ముక్కు మధ్యలో సందు ఉంటుంది వాటికి, అవి రోజూ ఒకే చోట నిలబడి గుల్లలు పగలగొట్టేవి. టక్, టక్. ఆ చప్పుడుకే మేం నిద్ర లేచేవాళ్ళం. మామ్మ నడుం లోతు నీళ్ళలోకి దిగి తూటికూర కోసేది. కట్టలు కట్టి తట్టలో పెట్టుకుని బజారుకి పోయేది. మా ఇల్లు మొదటి సంవత్సరం ఆ తట్ట మీదే నడిచింది.

మడుగు మీదే ఇంకొకాయన కూడా బతికేవాడు. ఆయన్ని మేం ఊలే అనేవాళ్ళం. బర్మా భాషలో బాబాయి లాంటి పిలుపు. అసలు పేరు నాకిప్పటికీ తెలీదు. మేం రాకముందు నుంచీ ఆ గట్టున ఒంటరిగా ఉండేవాడు. చేపలు పట్టే వెదురు మావులు అల్లి సాయంత్రం నీళ్ళలో పెట్టి, పొద్దున తీసేవాడు. ఆయన పడవలో ఒక రేకు డబ్బా నిండా తాటిబెల్లం ఉండేది. గట్టున కూర్చుని మేం పళ్ళికిలిస్తే చెరొక ముక్క ఇచ్చేవాడు. నేనొకసారి ఆయన మావులోంచి రెండు మట్టగిడసలు దొంగిలించి తెచ్చాను. మామ్మ వాటిని చూసింది. నా చెయ్యి పట్టుకుని ఆయన దగ్గరికి తీసుకెళ్ళి, నా చేతనే తిరిగి ఇప్పించింది. ఆయన వాటిని మళ్ళీ నా చేతిలో పెట్టాడు. ఆ రాత్రి చింతపండు పులుసు తింటున్నంతసేపూ నేనెవరి మొహమూ చూడలేదు.

మామ్మకీ ఊలేకీ ఒకరి భాష ఒకరికి సగమే వచ్చు. అయినా గంటలు గంటలు మాట్లాడుకునేవాళ్ళు. మడుగుకి ఒక అమ్మవారుందని ఆయన అనేవాడు. ఆవిడ పేరు పైకి పలకకూడదు. మామ్మ "మా గంగమ్మే, పేరే వేరు" అనేది. ఆయన అరటిపళ్ళు పెట్టే చోటే ఈవిడ పసుపు ముద్ద పెట్టేది.

రెండో ఏడు, వాన వెనక్కి తీసి ఎండ కాయడం మొదలయ్యాక, ఇనుప గొట్టాలు వచ్చాయి.

నదిలో ఒక పెద్ద పంపు పడవ నిలిపారు. అక్కడినుంచి మా పాకల మధ్యగా మడుగు దాకా గొట్టాలు వేశారు. మా చెల్లి దూరి పట్టేంత లావు. అతుకులు బిగించడానికి మనుషులు కావాలన్నారు. నాన్న వెళ్ళాడు. ఆ రోజు అమ్మ పొయ్యి మీద నూనె ఎక్కువ పోసింది. తిరగమోత వాసన గట్టు దాకా వెళ్ళింది.

గొట్టంలోంచి ఇసుకా నీళ్ళూ కలిసి బూడిద రంగులో పడేవి. నీళ్ళు జారిపోయి ఇసుక మిగిలేది. రెండు రోజులెండితే తెల్లగా అయ్యేది. పగలంతా గొట్టం గొణుగుతూ ఉండేది. మేం పిల్లలం దానికి చెవి ఆనించి వినేవాళ్ళం. లోపల గులకరాళ్ళు కొట్టుకుంటూ పోతుంటే ఎవరో పళ్ళు నూరుతున్నట్టుండేది. ఒక్కోసారి మెత్తగా ఏదో తగిలి దొర్లిన చప్పుడయ్యేది. ఒకసారి అతుకు ఊడిపోతే ఇసుకతో పాటు తాబేలు డిప్ప ఒకటి బయటపడింది. డిప్పే, తాబేలు లేదు. నాన్న దాన్ని కాలితో పక్కకి నెట్టి, బోల్టు బిగించాడు.

మడుగు ఒక పక్కనుంచి తగ్గుతూ వచ్చింది. రోజూ పొద్దున లేచి చూస్తే తెల్లదనం ఇంకొంచెం దగ్గరికి జరిగి ఉండేది. నీళ్ళలో ఉన్నవన్నీ మా వైపు మూలకి చేరాయి. కప్పలు గుట్టలుగా గట్టు ఎక్కి కూర్చునేవి, ఒక్కటీ అరిచేది కాదు. నీటి పాములు తలలు పైకెత్తి నిలబడేవి. నీళ్ళు ఉడుకుతున్నట్టు కదిలేవి. అంతా చేపలే. మా వరసలో వాళ్ళు బుట్టలతో, దోమతెరలతో, ఆఖరికి తలగడ గలీబులతో ఎత్తుకున్నారు. వల అక్కర్లేదు, ముంచితే చాలు. అమ్మ కూడా తపేలా తీసుకుని లేచింది.

"కూకో," అంది మామ్మ.

"అందరూ తెచ్చుకుంటన్నారు కదత్తా."

"తప్పించుకోడానికి తోవున్నదాన్ని పడితే అది యాట. తోవ నేనిదాన్ని పడితే ఏటది? నా ఇంట్లో ఒండొద్దు."

అమ్మ తపేలా బోర్లించింది. ఆ సాయంత్రం నాన్న పనినుంచి రాగానే మామ్మ నీళ్ళ చెంబు ఇస్తూ అంది:

"ఒరే బాబూ, మీ సయాని ఒక మాటడుగు. ఈ మూలనుంచి పాయకాడికి ఎంతో దూరం నేదు. నడుం లోతు కాలవ తీసి ఒగ్గీమను. ఒక్క వాన పడేదాకా ఒగ్గీమను సాలు. అయ్యే ఎల్లిపోతాయి."

సయా అంటే పనిమీద పెద్ద. గొడుగు వేసుకుని కుర్చీలో కూర్చునేవాడు. పాయ మా పాకలకి తూర్పున, నదిలోకి పోయే సన్నటి నీటి దారి.

"అడుగుతాన్లే అమ్మా," అన్నాడు నాన్న.

మర్నాడు తిరిగొచ్చి, చెంబు అందుకోకుండానే చెప్పాడు. "అడిగేను. కుదర్దన్నాడు."

మామ్మ కాసేపు అతని మొహంలోకి చూసింది. "సర్లే. కాళ్ళు కడుక్కో," అంది.

నాలుగు రోజుల్లో మూల కూడా నిండింది. గొట్టం ఆపేశారు.

ఆ తర్వాతి రోజులే నాకు ఎక్కువ గుర్తు. మడుగు ఉన్నంత మేరా తెల్లటి ఇసుక, మా పాకల నేల కన్నా ఎత్తుగా. దానిమీద ఏమీ లేదు. కానీ కొంగలు వచ్చాయి. ఎప్పటిలాగే తెల్లారుతుంటే దిగాయి. ఎవరి చోట వాళ్ళు నిలబడ్డట్టు నిలబడ్డాయి. నత్తల కొంగలు కూడా. ఎగరవు, నడవవు, ముక్కు వంచవు. ఎండెక్కినా కదల్లేదు. చెల్లి రాయి విసిరింది, పక్కనే పడింది, ఒక కొంగ మెడ తిప్పి ఆ రాయిని చూసి మళ్ళీ ముందుకి తిరిగింది. అలా తొమ్మిదో పదో రోజులు. రోజూ కొన్ని తక్కువయ్యేవి. ఎప్పుడు పోయాయో చూడలేదు. ఒక పొద్దున నేను ఆలస్యంగా లేచాను. ఎండ మొహం మీద పడుతోంది. ఎందుకు మెలకువ రాలేదో కాసేపు తెలియలేదు. టక్ టక్‌మనే చప్పుడు లేదు.

ఊలే పడవ ఇసుకలో చిక్కుకుపోయింది. గట్టునుంచి నలభై అడుగుల దూరం ఉంటుంది. నీళ్ళు ఉన్నప్పుడే లాక్కోమని ఎవరో అన్నారట. రేపు రేపు అనుకున్నాడు. ఇప్పుడు దగ్గరికి ఎవరూ పోవద్దని సయా చెప్పించాడు. పైన గట్టిగా కనిపిస్తుంది, కింద ఇంకా బురదేనట. పడవ రోజుకింత దిగుతోంది. మేం గట్టున పుల్ల పట్టుకుని, ఒక కన్ను మూసి కొలిచేవాళ్ళం. ఇవాళ రెండు వేళ్ళు, ఇవాళ వేలున్నర. మాకది ఆట. ఊలే కూడా అక్కడే గొంతుక్కూర్చుని చూసేవాడు. మా కొలత సరిగా లేకపోతే సరిదిద్దేవాడు.

చెల్లి తాటిబెల్లం అడిగింది. ఊలే చెయ్యెత్తి పడవ వైపు చూపించాడు. డబ్బా దాంట్లోనే ఉండిపోయింది.

మర్నాడు మిట్టమధ్యాహ్నం అమ్మ చెల్లిని పక్కలో వేసుకుని నిద్రపోతోంది. మామ్మ గోంగూర ఒలుస్తోంది. నేను ఇసుక మీదికి నడిచాను. మొదట కాలు కాలింది. గట్టిగానే ఉంది. ఇరవై అడుగులు వేశాక వెనక్కి తిరిగి చూసుకుంటే నా అడుగుల్లో నీళ్ళు ఊరి ఉన్నాయి. అయినా బెల్లం డబ్బా మూత ఎండలో మెరుస్తోంది. ఇంకో పది అడుగులు వేశాను. పదకొండో అడుగుకి నేల వణికింది. పాయసం మీద మీగడ కదిలినట్టు నా చుట్టూ ఇసుకంతా ఒక్కసారి అల్లాడింది. మోకాళ్ళ దాకా దిగిపోయాను. కాలు లాగబోతే తొడల దాకా పోయింది.

పైన ఇసుక వేడి. కింద చల్లగా ఉంది. పాదాల కింద మెత్తటి బురద తగిలింది. అదైనా ఆనుతుంది కదా అనుకున్నాను. అప్పుడా బురద కదిలింది.

ఒకచోట కాదు. నా రెండు పాదాల కిందా, వేళ్ళ మధ్యా, పిక్కల చుట్టూ. నున్నగా, బలంగా, ఒకదాన్నొకటి తోసుకుంటూ. పొడుగాటి మీసమేదో నా మడమని మెల్లగా తడిమి వదిలింది. ఎవరో చీకట్లో చేత్తో వెతుకుతున్నట్టు ఉంది. నేను అరవలేదు. పైన అంతా తెల్లగా, నిశ్శబ్దంగా ఉంది. గాలి కూడా లేదు. కింద అన్నీ ఉన్నాయి. ఎక్కడికీ పోలేదు.

మామ్మ ఎలా చూసిందో తెలీదు. తల తిప్పేసరికి పాక వెనక గోడ తడక ఊడబెరుక్కుని వస్తోంది. ఇసుక మీద తడక పరిచి దానిమీద బోర్లా పడుకుంది. వెనక ఊలే ఇంకో తడక తోస్తున్నాడు.

"ఒలే గుంటా, కాళ్ళాడించకు. ఎనక్కి వాలు. సాప మీద తొంగున్నట్టు తొంగో," అంది మామ్మ. గొంతు మామూలుగానే ఉంది, కూర తరగమన్నట్టు.

వాలాను. ఆకాశం తప్ప ఏమీ కనపడలేదు. ఆవిడ చేతులు నా చంకల కిందికి వచ్చాయి. ఎంతసేపు లాగారో. నా కాళ్ళు బయటికి వస్తున్నప్పుడు కింద ఉన్నవి కూడా వాటితో పాటు రావాలని చూస్తున్నట్టు పిక్కలకి గీసుకున్నాయి. పైకి వచ్చాక ఆ గుంట నిండా నీళ్ళూరాయి. మెల్లగా ఇసుక మూసుకుంది. చూస్తుండగానే మళ్ళీ తెల్లగా, చదునుగా అయిపోయింది.

గట్టున నా కాళ్ళు కడుగుతూ మామ్మ ఆగింది. పిక్కల నిండా ఎర్రటి సన్నటి గీతలు, జతలు జతలుగా. జెల్ల ముళ్ళు గీస్తే అలాగే ఉంటుంది.

"కిందున్నాయి మామ్మా," అన్నాను. "బతికున్నాయి."

పిల్ల దడుచుకుందంటూ అమ్మ ఉప్పు తెచ్చి దిష్టి తీసింది. మామ్మ నన్ను కాదనలేదు. పసుపు రాసి, ఊలే వైపు తిరిగి తన సగం భాషలో ఏదో అడిగింది. ఆయన నా గీతలు వేలితో తడిమి చూశాడు. తర్వాత జవాబు చెప్పాడు. అదేంటో మామ్మ నాకు తెలుగులో చెప్పింది.

"బురదలో దూరి ఊపిరి బిగబట్టుకుంటాయట. వాన సప్పుడు కోసం సూస్తాయట. పైనేటుందో ఆటికి తెల్దు కదా."

ఆ వేసవంతా నేనా ఇసుక వైపు తిరిగి అన్నం తినలేకపోయాను. పగటిపూట రోలరు వచ్చి మీద తిరిగేది. లారీలొచ్చేవి. మనుషులు గొడుగులతో నడుస్తూ కొలతలు వేసేవాళ్ళు. వాళ్ళ కాళ్ళ కింద ఏమున్నాయో నాకు తెలుసు. వాన కోసం చెవులొగ్గి వింటున్నాయని కూడా తెలుసు. మబ్బు పట్టినప్పుడల్లా వాన రాకూడదని దండం పెట్టుకునేదాన్ని. మళ్ళీ పాపం అనిపించి, రావాలని పెట్టుకునేదాన్ని.

వాన ఒక తెల్లవారుజామున మొదలై పొద్దెక్కినా ఆగలేదు. అంతకుముందు ఏడు వాననీళ్ళు మడుగులోకి పోయేవి. ఇప్పుడు ఇసుక ఎత్తు, మేం పల్లం. నీళ్ళు అటునుంచి ఇటు దిగాయి. అమ్మ తలుపు తడక తీసి అలాగే నిలబడిపోయింది. వెనకనుంచి తొంగి చూశాను.

దారి నల్లగా ఉంది. దారంతా నడుస్తోంది.

జెల్లలు. ఇసుక అంచు మెత్తబడి, దాన్ని పెళ్ళగించుకుని వచ్చాయి. వేళ్ళంత పిల్లలూ, మోచెయ్యంత పెద్దవీ. ముళ్ళ మీద లేచి, వాలి, మళ్ళీ లేచి, ఒకే దిక్కుకి. వాటి మధ్య మలుగుపాములు, నీరుకట్లు. ఒకదాన్నొకటి కరవడం లేదు. వాన చప్పుడు కింద తడి బట్ట నేలకేసి ఈడ్చినట్టు ఒక్కటే శబ్దం. మా మెట్టు మీద మూడు ఉన్నాయి. వెదురు నేల సందుల్లోంచి కిందికి చూస్తే మీసాలు పైకి తడుముతున్నాయి. చెల్లి అమ్మ భుజమెక్కి మొహం దాచుకుంది. చాలా వాటికి ఒంటి మీద చర్మం సగం లేదు. తెల్లగా పాలిపోయి ఉన్నాయి. కళ్ళు మూసుకుపోయినవి కూడా నడుస్తున్నాయి.

వరసలో వాళ్ళు మొదట దడుచుకుని తలుపులేసుకున్నారు. తర్వాత ఒకరు బుట్ట తీశారు. తర్వాత అందరూ. గంటలో ప్రతి ఇంట్లోంచీ నూనె వాసన. ఆ రోజు పొయ్యి వెలిగించనిది మా ఇల్లొక్కటే.

మామ్మ బట్టలుతికే తొట్టె తీసుకుని వానలోకి దిగింది. చేతులకి గుడ్డ చుట్టుకుని, జెల్లల్ని ఎత్తి తొట్టెలో వేసి, పాయ దాకా మోసి వదిలి వచ్చింది. మళ్ళీ. మళ్ళీ. ఊలే తన మావులతో మోశాడు. నేను బకెట్టు పట్టాను. నాకు వాటిని ముట్టుకోవాలంటే ప్రాణం పోయినంత పనయ్యేది. అయినా ముట్టుకున్నాను. నాన్న ఆ రోజు పనిలేక ఇంట్లోనే ఉన్నాడు. గడపలో నిలబడి మమ్మల్ని చూస్తున్నాడు. మామ్మ నాలుగోసారో ఐదోసారో తిరిగి వస్తూ అతని ముందు తొట్టె దించి, ఊపిరి తీసుకుంది. అప్పుడు నాన్న లోపలికి వెళ్ళి పార తెచ్చాడు.

ఇసుక అంచునుంచి పాయ దాకా, పాకల పక్కగా, తవ్వడం మొదలుపెట్టాడు. వానకి మట్టి మెత్తగానే ఉంది. తవ్విన మేరకి నీళ్ళు పరుగెత్తుకొచ్చాయి. నీళ్ళ వెంట అవి. సగం దూరం వచ్చాక పార ఆపి, మామ్మ వైపు చూడకుండా అన్నాడు:

"అమ్మా. నేను సయాని అడగనేదు."

మామ్మ తొట్టెలోంచి ఒక మలుగుపామును కాలవలోకి జారవిడిచింది.

"తెలుసు. తవ్వు," అంది.

"పని తీసేస్తాడని..."

"తెలుసురా. తవ్వు. పొద్దోతాది."

నాన్న ఏడుస్తున్నాడో లేదో వానలో తెలియలేదు. చీకటి పడే లోపల కాలవ పాయలో కలిసింది. అప్పటికి దారి మీద కదిలేవి ఏమీ మిగల్లేదు. మూడు రోజుల తర్వాత సయా మనుషులు వచ్చి ఆ కాలవ పూడ్చేశారు. నాన్నని పనిలోంచి తీసెయ్యలేదు. అడిగితే ఏమయ్యేదో మాకు ఎప్పటికీ తెలియలేదు. ఆ సంగతి నాన్న బతికున్నంత కాలం ఇంకెప్పుడూ ఎత్తలేదు.

ఊలే వానాకాలం సగంలో వెళ్ళిపోయాడు. తన్లిన్‌లో కూతురుందట, అల్లుడు అక్కడ చమురు శుద్ధిచేసే చోట కూలి. పోయే ముందు తన మావులన్నీ మా పాక కింద పేర్చి వెళ్ళాడు. మామ్మ ఆయనకి గోంగూర పచ్చడి సీసా ఇచ్చింది. పికప్ బండి ఎక్కి, వెనక కడ్డీ పట్టుకుని నిలబడి, వంతెన తిరిగేదాకా చెయ్యి ఊపాడు. ఆయన పడవ ముక్కు అప్పటికి జానెడు పైకి ఉంది. ఆ ఏడు చివరికి అది కూడా లేదు.

తర్వాత గోడలు లేచాయి. రేకుల షెడ్లు, పొడుగు చిమ్నీలు. బట్టలు కుట్టేవి కొన్ని, రంగులద్దేవి కొన్ని. ఊళ్ళనుంచి ఆడపిల్లలు గుంపులుగా దిగారు. మా వరస చివర టీ కొట్లు వచ్చాయి, కరెంటు వచ్చింది. అమ్మకి ఒక షెడ్డులో దారాలు కత్తిరించే పని దొరికింది. నిజం చెప్పాలంటే, మా ఇంట్లో మూడు పూటలా పొయ్యి వెలిగింది ఆ గోడలు లేచాకే. నా స్కూలు ఫీజు, చెల్లి జోళ్ళు, వెదురు నేల పోయి చెక్కల నేల, అన్నీ వాటి వల్లే. వాటిని తిట్టుకునే హక్కు మాకుందా అని ఇప్పటికీ నాకు తేలలేదు.

తూటికూర ఇప్పుడు పాయలోనే దొరికేది. మామ్మ అక్కడికే దిగేది. సెలవు రోజుల్లో నేనూ దిగేదాన్ని. ఒక పొద్దున పాయ నీలంగా వచ్చింది. ఆకాశం నీలం కాదు, పెళ్ళి చీర నీలం. ఇంకో రోజు ఎరుపు. ఆ రోజు నురగ కూడా ఎర్రగా ఉండేది. రంగును బట్టి ఆ వారం షెడ్డులో ఏ బట్ట నడుస్తోందో అమ్మ చెప్పేది. ఎరుపు వచ్చిన వారం చివర్లో జెల్లలు పైకి తేలాయి. బోర్లా కాదు, వెల్లకిలా. తెల్లటి పొట్టలు రెండు గట్ల మధ్యా నిండిపోయి, పోటు వచ్చినప్పుడు ఒక వైపుకీ, తీసినప్పుడు ఇంకో వైపుకీ మెల్లగా కదిలాయి. మేం తొట్టెలతో మోసి వదిలినవే అవి, లేకపోతే వాటి పిల్లలు.

మామ్మ గట్టున నిలబడి చాలాసేపు చూసింది.

"మనమేనే తెచ్చి ఇందల ఒగ్గినాం," అంది.

"మనకి తెల్దు కద మామ్మా."

"అవును. తెల్దు."

ఆ తర్వాత కూడా ఆవిడ పాయలోకి దిగడం మానలేదు. కోసిన కూర బజారుకి మాత్రం తీసుకెళ్ళేది కాదు. ఇంటికి తెచ్చి, మంచినీళ్ళలో కడిగి, కట్టలు విప్పి, మళ్ళీ పారేసేది. ఎందుకని అమ్మ ఒకసారి అడిగింది. అలవాటన్నది. నీళ్ళలో ఇంకా ఏమైనా కదులుతోందేమోనని చూడ్డానికి దిగేదని నేననుకుంటాను. ఆవిడ చెప్పలేదు.

స్కూల్లో మా వైపు పిల్లల్ని కాళ్ళని బట్టి పోల్చేవాళ్ళు. చీలమండల దాకా నీలం. సబ్బుకి పోదు, చింతపండుకి పోదు. మామ్మ సాయంత్రం నన్ను గడపలో కూర్చోబెట్టి కొబ్బరి పీచుతో రుద్దేది. "పోద్దిలే. రేపటికి పోద్ది," అనేది. నిజంగానే నాకు పోయింది, నేను నీళ్ళలోకి దిగడం మానేశాక.

నాకు పద్నాలుగో ఏడు నడుస్తుండగా మామ్మ పోయింది. పెద్ద జబ్బేమీ లేదు. రెండు రోజులు తిండి వద్దంది, మూడో రోజు లేవలేదు. పొద్దున పది గంటలప్పుడు ఆవిడని బయట తడకల చాటున పడుకోబెట్టి అమ్మా, వరసలో ఇంకో ఇద్దరాడవాళ్ళూ నీళ్ళు పోశారు. నేను చెంబు అందిస్తున్నాను. అమ్మ కాళ్ళకి పసుపు రాయబోయి ఆగింది. మామ్మ పది కాలి గోళ్ళ అంచుల్లోనూ నీలం అలాగే ఉంది. గోటికీ చర్మానికీ మధ్య, సన్నగా, గీత గీసినట్టు. అమ్మ పీచుతో రుద్దింది. సున్నిపిండి పెట్టి రుద్దింది. పుల్ల తీసుకుని ఒక్కొక్క గోరూ గోకడం మొదలుపెట్టింది. పక్కావిడ చాల్లెమ్మని చెప్పినా వినలేదు. అలా ఎలా పంపుతామని గొణుక్కుంటూ ఇంకా గట్టిగా గోకుతోంది.

నాన్న తడక తీసుకుని లోపలికి వచ్చాడు. మగవాళ్ళు ఆ సమయంలో రాకూడదు. అమ్మ చేతిలోంచి పుల్ల తీసుకుని పక్కన పెట్టాడు. తల్లి పాదాలు రెండూ తన అరచేతుల్లోకి తీసుకుని, ఆ గోళ్ళు చూస్తూ కూర్చున్నాడు.

"ఒగ్గీ," అన్నాడు. "అలగే ఉండనీ."

పసుపు మాత్రం ఆయనే రాశాడు, గోళ్ళకి తగలకుండా.